షేడ్ నెట్ కింద సాలీళ్ళు: పేర్లు ఎలా కనుక్కున్నానంటే

మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. వానలు మొదలైతే చాలు, షేడ్ నెట్ కింద క్రోటన్ల మధ్య ఎక్కడ చెయ్యి పెట్టినా సాలెగూడే. కుండీలు సర్దే ఆడవాళ్ళు "ఆయ్ బాబూ, అది పాకితే ఒళ్ళంతా పొక్కులండి, ముందు మందు కొట్టించండి" అని ఒకటే గోల. ఏదో ఒకటి కొట్టించేముందు అసలు అవి ఏమిటో చూద్దామని మొదలెట్టాను.

సామాను పెద్దగా ఏం లేదు, ఫోన్‌కి తగిలించే క్లిప్ లెన్స్, మూతున్న ప్లాస్టిక్ డబ్బా, టార్చి. తొందరగానే అర్థమైంది ఏమిటంటే రంగు చూసి లాభం లేదు, ఒకే జాతిలో ఆడది ఒక రంగు, మగది ఇంకో రంగు, పిల్లది మరోటి. చూడాల్సింది కళ్ళు, గూడు, గుడ్ల సంచి.

అన్నిటికన్నా సులువుగా దొరికేది ఆర్జియోప్. గూడు మధ్యలో తెల్లటి వంకర టింకర గీతలు, కాళ్ళు రెండేసి కలిపి ఇంటూ మార్కులా పెట్టి తలకిందులుగా కూర్చుంటుంది. పొట్ట మీద పసుపు పట్టీలున్న ఆ పెద్దది ఆడది, గూడు అంచున వేలాడే బక్కప్రాణి దాని మొగుడు.

గూడు కట్టని వాటితోనే తంటా. అక్కడ కళ్ళే దిక్కు. ఎనిమిది కళ్ళలో ముందు రెండు బైక్ హెడ్‌లైట్లలా ఉండి, మనం కదిలితే అటే తిరిగి చూస్తుంటే అది గెంతే సాలీడు. కింద వరుసలో నాలుగు చిన్న కళ్ళు, మధ్యలో రెండు పెద్దవి, పైన ఇంకో రెండు ఉంటే తోడేలు సాలీడు. రాత్రి టార్చి మన కంటి ఎత్తులో పట్టుకుని నేలమీద వేస్తే వాటి కళ్ళు తళుక్కుమంటాయి, చూసి తీరాలి. ఆడది గుడ్ల సంచిని వెనక తగిలించుకుని తిరుగుతుంది, పిల్లలు బయటికొచ్చాక వీపు మీదెక్కించుకుంటుంది. మోటారు షెడ్డులో గోడకి అతుక్కుని ఉండే అరచేతంత సాలీడు వేరు, హెటెరోపోడా వెనటోరియా, అది బిళ్ళలాంటి గుడ్ల సంచిని రొమ్ము కింద పట్టుకుంటుంది. బొద్దింకల్ని తింటుంది కాబట్టి నాకు దానితో పేచీ లేదు.

మందారాల మీద ఆకుపచ్చగా, కాళ్ళ నిండా ముళ్ళతో ఒకటి కనబడితే ఫొటో తీసి ఐనేచురలిస్ట్ యాప్‌లో పెట్టాను. మొదట చూపించిన పేరు ప్యూసెటియా విరిడాన్స్, అది ఉండేది అమెరికాలో! మన వైపు ఉండేది ప్యూసెటియా విరిడానా. ఫొటోతో పాటు ఊరు కూడా సరిగ్గా పెట్టకపోతే యాప్ ఇలాగే సముద్రాలు దాటించేస్తుంది.

చీమ వేషం వేసేది ఇంకో వింత. మామిడాకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమల మధ్య అచ్చం వాటిలాగే నడుస్తూ, ముందు కాళ్ళు మీసాల్లా ఆడిస్తూ తిరుగుతుంది. పుల్లతో ఆకు మీంచి నెట్టండి, చీమైతే కింద పడుతుంది, ఇది దారం వదిలి వేలాడుతుంది.

ఇక గులాబీ ఆకుల కింద సన్నటి బూజు, ఆకు మీద తెల్లటి చుక్కలు ఉంటే అది సాలీడు పని కాదు, ఎర్రనల్లి. దానికీ ఎనిమిది కాళ్ళే, కానీ ఆకు రసం పీల్చేది అదే, సాలీళ్ళు మొక్కని ముట్టవు. మందు ఆ గులాబీ వరసల వరకే, అదీ నల్లి మందే కొట్టించాను. పొక్కుల సంగతంటారా, వరిచేల వైపు నుంచి రాత్రి లైట్లకి ఎరుపు నలుపు పట్టీల సన్న పురుగు వస్తుంది, పీడరస్ అంటారు, ఒంటి మీద నలిగితే దాని రసానికే మంట, పొక్కులు. మావాళ్ళకి ఇది చెప్తే సగం నమ్మారు, సగం "ఏమోనండీ" అన్నారు.

తేలనిది ఒకటుంది. చీకటి పడ్డాక గుండ్రటి గూడు అల్లి, పగలు ఆకు ముడతలో దూరే గోధుమరంగుది. నియోస్కోనా అని తెలిసింది కానీ అందులో ఏ జాతో చెప్పాలంటే ఎదిగినదాన్ని పట్టి మైక్రోస్కోపు కింద జననాంగాలు చూడాలట. దానికోసం చంపడం నాకిష్టం లేదు, అందుకని నోట్‌బుక్‌లో నియోస్కోనా అని రాసి పక్కన జాతి గడి ఖాళీగా వదిలేశాను.