మా ఆయన కొన్న తుపాకీ నా భుజానికి సరిపోలేదు

ఒకరోజు పొద్దున లేచేసరికి వెనక తలుపు గడియ దగ్గర చెక్క చీలి ఉంది. రాత్రి ఎవరో పెకలించబోయి వదిలేశారు. ఆ రాత్రి మా ఆయన నైట్ డ్యూటీలో ఉన్నారు, ఇంట్లో నేనూ మా బాబూ మాత్రమే. లైసెన్సు కాగితాల సంగతి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆ గొడవంతా చెప్పను. ఇద్దరికీ అనుమతి వచ్చింది. వచ్చిన వారంలోనే ఆయన ఒక్కరే వెళ్లి 12 గేజ్ పంప్ షాట్‌గన్ ఒకటి పట్టుకొచ్చారు. ఒక్క తూటాతో బోలెడు గుళ్లు ఒకేసారి వదిలే తుపాకీ అది. గొట్టం కిందున్న పిడిని (అదే పంపు) వెనక్కీ ముందుకీ లాగితేనే తర్వాతి తూటా ఎక్కుతుంది.

"ఇది నీ కోసమే. దీని చప్పుడు వింటేనే దొంగ పరుగో పరుగు" అన్నారు, పంపును వెనక్కీ ముందుకీ లాగి చూపిస్తూ.

నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. పైగా ఎడమచేతి వాటం. ఇవి రెండూ ఆయనకు తెలియనివి కావు.

ఫైరింగ్ రేంజ్‌లో మొదటి తూటా పేలగానే భుజంలో ఎవరో గునపంతో పొడిచినట్టయింది. రెండోది కాల్చాక పంపు లాగి మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే టక్ మంది, అంతే. తుపాకీ పాడైందనుకున్నాను. శిక్షణ ఇచ్చే మేడమ్ వచ్చి చూసి, "తుపాకీ బాగానే ఉందమ్మా. నువ్వు పంపును చివరిదాకా లాగలేదు. అది నీ చెయ్యి అందని చోట ఉంది" అన్నారు.

ఆమె చూపించిన పరీక్ష తేలికే. మోచేతిని మడిచి, తుపాకీ మడమను, అంటే భుజానికి ఆనించే వెనక చివరను, మోచేతి మడత లోపల ఆనించాలి. అప్పుడు చూపుడువేలు ట్రిగ్గర్ మీదికి హాయిగా వస్తే కొలత సరిపోయినట్టు. నా వేలు దాని దరిదాపుల్లోకి కూడా వెళ్లలేదు. మామూలుగా షాట్‌గన్లలో మడమ చివరి నుంచి ట్రిగ్గర్‌కు 14 అంగుళాల దాకా ఉంటుందట. అంత పొడుగును సర్దుకోవడానికి నేను నడుము వెనక్కి వంచి నిలబడుతున్నాను. దాంతో దెబ్బంతా భుజం మీదే పడుతోంది. నాలుగు రోజులు ఆ చెయ్యెత్తి జడ వేసుకోలేకపోయాను.

తర్వాత నెలరోజులు నేనే తిరిగాను. గేజ్ అంటే ఏమిటో అప్పుడే తెలిసింది. ఒక పౌండు సీసం లోహాన్ని 12 సమాన గుండ్లుగా చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో అంత వెడల్పు గొట్టం 12 గేజ్‌ది, అంటే దాదాపు 18.5 మిల్లీమీటర్లు. అదే 20 గుండ్లుగా చేస్తే 15.6 మిల్లీమీటర్లు. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 20 గేజ్‌కు తన్నుడు, అంటే పేలినప్పుడు భుజానికి తగిలే దెబ్బ, తక్కువని అందరూ చెబుతారు. నిజమే గానీ, తుపాకీ కూడా తేలికగా ఉంటుంది కాబట్టి అనుకున్నంత తగ్గదు. నాకు అసలు తేడా తెలిసింది మడమ పొడవు 13 అంగుళాలకు తగ్గాకే. పంపు చేతికి అందింది, చివరిదాకా లాగగలిగాను. ఆ సైజును పిల్లల మోడల్ అంటారు. షాపులో అది చూపిస్తూ అతను నవ్వు ఆపుకోలేకపోయాడు, నేనూ నవ్వేశాను.

ఆటోమేటిగ్గా తూటా ఎక్కించుకునే సెమీ ఆటో రకం కూడా కాల్చి చూశాను. తూటా పేలినప్పుడు వచ్చే గ్యాస్‌తో నడిచేది కాబట్టి తన్నుడు మెత్తగా ఉంది. అయితే మరీ తక్కువ బలమున్న తూటాలు వేస్తే కొన్ని సరిగ్గా పనిచేయవు. మెత్తటి తూటాలే కావాలనుకుంటున్న నాకు అది నచ్చలేదు. చివరికి 20 గేజ్‌లో మాస్‌బర్గ్ 500 అనే మోడల్ పంపు తుపాకీనే ఎంచుకున్నాను. పొరపాటున ట్రిగ్గర్ నొక్కినా పేలకుండా ఆపే సేఫ్టీ మీట దానికి వీపు మీద ఉంటుంది, ఏ చేతి బొటనవేలికైనా అందుతుంది. రెమింగ్టన్ 870 అనే ఇంకో పంపు తుపాకీలో మామూలుగా ట్రిగ్గర్ వెనక అడ్డంగా నొక్కే బటన్ ఉంటుంది, అది కుడిచేతి వాళ్ల లెక్క.

మా ఆయన మాత్రం 12 గేజ్‌ను వదలనన్నారు. రెండూ ఉంటే నష్టమేమిటని వాదన. మేడమ్ ఆయన్నే పిలిపించి చూపించారు. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్‌లో పడితే అది గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది. పేలలేదని వెనకాల 12 గేజ్ తూటా వేసి కాలిస్తే గొట్టం చేతుల్లోనే పగులుతుంది. అందుకే 20 గేజ్ తూటాలను పసుపు రంగులో చేస్తారు. "చీకట్లో, కంగారులో రంగు ఎవరు చూస్తారండీ?" అని ఆమె అడిగాక ఈయన దగ్గర జవాబు లేదు. ఆ నెలాఖరుకే 12 గేజ్ అమ్మేశాం.

ఇక తూటాలు. నాకు అసలు టెన్షన్ పట్టుకున్నది ఇక్కడే. షాట్‌గన్‌కు గురి అక్కర్లేదు, గుళ్లు గది నిండా పరుచుకుంటాయి అని విని ఉన్నాను. అయిదు మీటర్ల దూరంలో కాగితం పెట్టి కాలిస్తే పడ్డ చిల్లులన్నీ నా అరచేయి కప్పేంత మేరలోనే ఉన్నాయి. గురి తప్పితే అన్నీ కలిసే తప్పుతాయన్నమాట.

మా ఇంటి లోపలి గోడలు జిప్సం పలకలవి. అలాంటి పలకల చట్రాలు రేంజ్‌లో ఉంటే వాటి మీద కాల్చి చూపించమన్నాను. బక్‌షాట్ అంటే పెద్ద గుండ్లున్న తూటా. అందులో డబుల్ ఆట్ అనే సైజులో ఒక్కో గుండు 8.4 మిల్లీమీటర్లు, ఒక 12 గేజ్ తూటాలో మామూలుగా ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. రెండు గోడల్నీ అవి కాగితాల్లా దాటేశాయి. సరే, పిట్టల్ని కొట్టే సన్న గుళ్లు వాడితే పోలా అన్నాను. అవీ దగ్గర నుంచి కాలిస్తే మొదటి గోడ దాటాయి. పైగా అవి ఒంట్లోకి లోతుగా దిగవు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కొలమానం ప్రకారం, ఒంటికి బదులుగా పరీక్షకు వాడే జెల్‌లో కనీసం 12 అంగుళాలు దిగాలి, ఇవి అందులో సగం దిగడమే గొప్ప. గోడకు ఆగని, మనిషిని ఆపని సరుకు ఎందుకు? 20 గేజ్‌లో నంబర్ 3 బక్‌షాట్ తీసుకున్నాను. 2¾ అంగుళాల పొడవున్న తూటాలో 20 గుండ్లు, ఒక్కోటి పావు అంగుళం. ఇవి కూడా గోడలు దాటుతాయి. ఆ సంగతి తెలిసే కొన్నాను.

ఇంటికొచ్చి టేపు పట్టుకుని మా పడకగది మంచం పక్క నుంచి వరండా చివరిదాకా కొలిస్తే 22 అడుగులొచ్చింది. మర్నాడు రేంజ్‌లో అంత దూరం నుంచే అయిదు తూటాలు కాల్చి చూసుకున్నాను. తుపాకీ మా గదిలో తాళమున్న ఇనప్పెట్టెలో ఉంటుంది. తూటాలు నిలవుండే మ్యాగజైన్ నిండుగా, తూటా పేలే ఛాంబర్ ఖాళీగా. చాలా పంపుల్లో సేఫ్టీ ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది, కిందపడితే పేలకుండా ఆపడం దాని చేతిలో లేదు. చప్పుడైతే ఇల్లంతా వెతుక్కుంటూ తిరగడం ఉండదు. బాబును మా గదిలోకి తెచ్చుకోవాలి, తలుపు వేసుకోవాలి, పోలీసులకు ఫోన్ చేయాలి.

ఆ రాత్రి మంచం పక్క మోకాళ్ల మీద కూర్చుని, ఖాళీ చేతులే తలుపు వైపు చాచి చూశాను. తలుపు దాటితే వరండా, దాని ఎదురు గోడ వెనకే బాబు గది. ఆ గోడకు ఆనించి, కిటికీ పక్కగా వాడి మంచం. వాణ్ని తెచ్చుకునే వ్యవధి ఉండకపోతే? లేచి మా ఆయన్ని లేపాను. ఇద్దరం కలిసి మా మంచాన్ని అవతలి మూలకు జరిపాం, అక్కడి నుంచి తలుపు లోంచి చూస్తే ఇటుకలతో కట్టిన బయటి గోడే ఎదురవుతుంది. మర్నాడు వాడి మంచాన్నీ ఆ గోడ, కిటికీ దగ్గర్నుంచి తీసేసి పక్క గోడకు వేశాం. పడుకుంటే చందమామ కనిపించడం లేదని వాడు ఇప్పటికీ అలుగుతూనే ఉన్నాడు.