సంచిలో ఏముందో అడగండి, చెప్పేదాకా ఆగండి

మా నాయిన చిక్కు వెంట్రుకలు కొంటాడు. టీవీఎస్ ఎక్సెల్ వెనక స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ టబ్బులు కట్టుకుని, ముందు చిన్న మైకు పెట్టుకుని కల్వకుర్తి, వంగూరు, అచ్చంపేట వైపు ఊళ్లు తిరుగుతాడు. ఆడవాళ్లు తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలు చుట్టి గోడ సందులో దాస్తారు కదా, వాటిని తూకం వేసి గిన్నె ఇస్తాడు, లేదంటే డబ్బులిస్తాడు. మేం బుడగ జంగాలం. మా తాత తంబుర పట్టుకుని ఇవే ఊళ్లలో కథలు చెప్పేవాడు. ఇంటింటికీ టీవీ వచ్చాక కథ వినేవాళ్లు లేక, నాయిన బండెక్కాడు.

కొత్త మనిషి కనిపిస్తే దొంగేమోనని జనం అనుమానిస్తారు కాబట్టి, గడ్డం గీసుకోనిదే నాయిన ఇల్లు కదలడు. ఆధార్ కార్డు అసలుదే జేబులో ఉండాలి, జిరాక్సు చూపిస్తే నమ్మరు. ఊళ్లోకి పోగానే కిరాణం కొట్టు దగ్గర ఆగి టీ తాగుతాడు. తాగాలనిపించి కాదు, నలుగురి కంట పడి తన పేరు, ఊరు చెప్పుకోవాలని. మగవాళ్లు చేన్లకు పోయిన వేళ సందుల్లోకి పోడు. వెంట్రుకల బేరమేమో ఆడవాళ్లు తీరిగ్గా ఉన్న ఆ వేళే బాగా సాగుతుంది, ఆ నష్టం ఆయనే భరిస్తాడు. పిల్లలతో మాట్లాడడు. ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ. మా ఇంట్లో చంటిపిల్ల ఏడిస్తే ముందు ఎత్తుకునేది ఆయనే. అట్లాంటి మనిషి బయట ఊళ్లో పిల్లలు బండి వెనక ఉరికొస్తే మైకు ఆపేసి వేగం పెంచుతాడు.

ఈ జాగ్రత్తలు ముందూ కొన్ని ఉన్నాయి కానీ, 2018 మే నుంచి మరీ పెరిగాయి. పార్థీ గ్యాంగులు దిగాయి, పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి అని ఫోన్ల నిండా మెసేజీలు. పార్థీలూ ఒక సంచార జాతే. బైకు మీద వచ్చి పిల్లవాడిని లాక్కుపోయే వీడియో ఒకటి అందరూ చూసే ఉంటారు. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. పిల్లవాడిని తిరిగి దించి, జాగ్రత్త చెప్పే చివరి ముక్క కత్తిరించి పంపారు. ఆ నెలలోనే బీబీనగర్ మండలంలో ఒకతన్ని కొట్టి చంపారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను చంపారు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడలో భిక్షాటనకు వచ్చిన ఐదుగురిని పంచాయతీ ఆఫీసులో వేసి కొట్టి చంపారు. వాళ్లు నాథపంథీ దావరి గోసావీలు, మా లాంటి సంచార జాతి.

ఆ రోజుల్లోనే ఒక ఊళ్లో కుర్రాళ్లు నాయిన బండి తాళం లాక్కున్నారు. "సంచిల ఏమున్నదిరా?" అని విప్పితే వెంట్రుకలు. అది చూసి ఇంకా రెచ్చిపోయారు. ఒకడు వీడియో తీస్తున్నాడు, ఒకడు చొక్కా పట్టుకున్నాడు. ఇంతలో ఒక ముసలవ్వ వచ్చి, "ఓరి, ఈయన తంబుర జంగమాయన కొడుకురా, వీళ్ల నాయిన మన గుడికాడ కథ జెప్పిండు" అని అడ్డం నిలబడింది. వదిలేశారు. మరి గుర్తుపట్టే అవ్వ లేని మనిషి సంగతేంటి? తెలుగు రానివాడు, మతి సరిగా లేనివాడు, భయంతో నోరు పెగలనివాడు ఏం చెప్పుకోవాలి?

దీనికి పాత చరిత్ర ఉంది. 1871లో బ్రిటిష్ వాళ్లు చట్టం చేసి కొన్ని జాతులు పుట్టుకతోనే నేరస్థులని రాసేశారు. 1911 తర్వాత మద్రాసు వైపు యెరుకలవాళ్లను కూడా ఆ జాబితాలో చేర్చారు. వాళ్లు ఠాణాలో హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. అయినా కిరాణం కొట్టు ముందు మా నాయిన ఇవాళ్టికీ వేయించుకుంటున్నది హాజరే. ఒకప్పుడు ఆ జాబితాలో ఉన్న విముక్త జాతుల వాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా పోలీసులు చూసుకోవాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్ 3న మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

అమెరికాలో 2020 ఫిబ్రవరిలో అహ్మద్ ఆర్బెరీ అనే పాతికేళ్ల నల్లజాతి యువకుడు జార్జియా రాష్ట్రంలో రోడ్డు మీద పరుగు తీస్తుంటే, దొంగ అయి ఉంటాడని ముగ్గురు తెల్లవాళ్లు ట్రక్కుల్లో తరిమారు, వాళ్లలో ఒకడు కాల్చి చంపాడు. మరుసటి ఏడాది ముగ్గురూ దోషులని తేలింది. ఆ వార్త చదువుతుంటే నాకు నాయిన చొక్కా పట్టుకున్న చెయ్యే కనిపించింది. అక్కడ రంగు చూశారు. ఇక్కడ మాసిన బట్టలు, భుజం మీద సంచి, వేరే యాస చూస్తారు. నేను డిగ్రీ చదివాను, ఉద్యోగం చేస్తున్నాను. అయినా రాత్రి బస్టాండులో అంతమంది కూర్చుంటే పెట్రోలింగ్ వాళ్లు నా దగ్గరికే వచ్చి వేలిముద్ర పెట్టమన్నారు. పెట్టాను. పక్కనున్నాయన తన బ్యాగు దగ్గరికి జరుపుకున్నాడు.

ఇది మారనిదేమీ కాదు. అదే 2018లో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ముందుగానే ఊళ్లకు కానిస్టేబుళ్లను పంపారు. వాళ్లు ఇంటింటికీ పోయి ఆ వీడియోలు అబద్ధమని చెప్పారు, కళాకారులతో డప్పు కొట్టించి పాటలు పాడించారు. 400కు పైగా ఊళ్లలో ఈ పని జరిగింది. అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఇదే పని ప్రతి ఎండాకాలం, పుకారు పుట్టకముందే, ప్రతి జిల్లాలో ఎందుకు జరగదు? సర్పంచులు గ్రామసభలో రెండు నిమిషాలు మాట్లాడితే ఖర్చేముంది?

మీ ఊరి గ్రూపులో కొత్త మనిషి ఫొటో పెట్టి "జాగ్రత్త" అని ఎవరైనా రాస్తే, "ఆయన ఎవరో కనుక్కున్నారా?" అని అడగండి. నిజంగా అనుమానం ఉంటే 100కు ఫోన్ చేయండి. పోలీసులు వచ్చేదాకా ఆ మనిషిని నీడలో కూర్చోబెట్టి, చుట్టూ గుంపు చేరకుండా చూడండి.