ఎనీ డౌట్స్?

ఇంగ్లండ్‌లో నా మొదటి వారం. ఇయర్ నైన్ పిల్లలకి సిరీస్ సర్క్యూట్ పాఠం చెప్పి, అలవాటు కొద్దీ "ఎనీ డౌట్స్?" అన్నాను. కాసేపు నిశ్శబ్దం. వెనకనుంచి ఒకడు "లేదు మిస్, మీ మాట నమ్ముతున్నాం" అన్నాడు, క్లాసంతా గొల్లుమంది. మనకి డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న, వీళ్లకేమో నమ్మకం లేకపోవడం. గుంటూరులో తొమ్మిదేళ్లు ఫిజిక్స్ చెప్పినదాన్ని, ఒక్క మాటతో దొరికిపోయాను.

2023 ఫిబ్రవరి నుంచి మన దగ్గర లెక్కలు, సైన్సు, భాషలు చెప్పే టీచర్లు ఇక్కడి టీచర్ అర్హతకి, అదే క్యూటీఎస్‌కి, నేరుగా దరఖాస్తు పెట్టుకునే వీలు వచ్చింది. 2023-24 విద్యా సంవత్సరంలో ఫిజిక్స్, భాషల టీచర్లు వేరే దేశం నుంచి వస్తే ప్రభుత్వం 10,000 పౌండ్లు ఇస్తానంది కూడా. అలా వచ్చాను. మా అమ్మ ఆ డబ్బుని రూపాయల్లోకి మార్చి చుట్టాలందరికీ చెప్పేసింది, ఒక టర్మ్ పని చేశాక గానీ అడగడానికే లేదని నేను చెప్పలేదు.

ఎవరైనా పెద్దవాళ్లు క్లాసులోకి వస్తే నాకు కాళ్లు వణికేవి, దానికి కారణం పాత స్కూలు. పేరెందుకు లెండి, అలాంటివి ఊరికి నాలుగున్నాయి. డీన్ వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడి ఫారం నింపుకుని వెళ్లిపోయేవాడు, అందులో ఏం రాశాడో ఇంక్రిమెంట్ అడిగినప్పుడు తెలిసేది. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో, వేసవి సెలవుల్లో మేము అడ్మిషన్ల కోసం అపార్ట్‌మెంట్ల చుట్టూ. పాఠం ఎలా చెప్పాలో మాత్రం ఆ తొమ్మిదేళ్లలో ఎవరూ నాతో కూర్చుని మాట్లాడలేదు, రిజల్ట్ వచ్చిందా లేదా అంతే.

ఇక్కడ ఆ భయానికి వీసా తోడైంది. స్పాన్సర్ స్కూలే కదా, ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదంటే మూటాముల్లె సర్దుకోవాలి. తలుపు దగ్గర హెడ్‌టీచర్ కనిపిస్తే ఇక్కడి టీచరు "హలో" అంటుంది, నేను అరవై లెక్కపెట్టుకునేదాన్ని. మాలాంటివాళ్లని పనిలోకి తీసుకునే హెడ్‌టీచర్లు ఈ లెక్క ఒకటి నడుస్తోందని తెలుసుకుంటే సగం పని అయిపోతుంది.

మా సైన్స్ హెడ్ యాభై దాటిన మనిషి. అందరూ పేరు పెట్టి పిలుస్తారు, నాకు నోరు తిరగక రెండు నెలలు "ఎక్స్‌క్యూజ్ మీ"తోనే నెట్టుకొచ్చాను. ఒక శుక్రవారం చివరి పీరియడ్, ఏ క్లాసైతే నన్ను ఏడిపిస్తోందో అదే క్లాసుకి వచ్చి, అల్లరి బ్యాచ్ పక్కన స్టూల్ లాక్కుని కూర్చున్నాడు. చేతిలో ఫారం లేదు. అయిపోయాక ఒక పసుపు స్టికీ కాగితం నా టేబుల్ మీద అంటించాడు, దాని మీద రెండే మాటలు: "చెప్పి, ఆగు." ఇది ఏ ఫైల్‌లోకీ వెళ్లదు అన్నాడు. నేను నమ్మలేదనుకోండి.

సోమవారం స్కూల్ అయ్యాక ఖాళీ ల్యాబ్‌లో విషయం చెప్పాడు. నేను "పుస్తకాలు తెరవండి" అంటూనే బోర్డు వైపు తిరిగిపోతున్నానట, నేను చూడట్లేదని పిల్లలకి తెలిసిపోతోందట. చెప్పి ఊరుకోలేదు, స్టూల్ మీద గిర్రున తిరుగుతూ, పెన్నుతో బల్ల మీద టకటకలాడిస్తూ తనే అల్లరి పిల్లాడయ్యాడు. నేను ఫ్యూమ్ కప్‌బోర్డ్ (ల్యాబ్‌లో పొగలు బయటికి పంపే అలమర) పక్కన మూలకి వెళ్లి నిలబడాలి, ఒక్క మాట చెప్పాలి, నోరు మూసుకుని ఎడమ నుంచి కుడికి అందరినీ చూస్తూ మూడు లెక్కపెట్టాలి. ఆరుసార్లు చేయించాడు. మొదట సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది, నాలుగోసారికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసింది. మర్నాడు క్లాసులో ఏదో అద్భుతం జరిగిందని కాదు, ఇరవై ఎనిమిది మందిలో ఓ ఇరవై మంది పుస్తకం తెరిచారు. ముందు రోజుల్లో తెరిచేది ఏడెనిమిది మందే.

టైమ్ ఎక్కడిది అంటారా, ఇక్కడ దానికో లెక్కుంది. ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఏడాదికి 195 పనిరోజులు, హెడ్‌టీచర్ చెప్పి చేయించుకోగలిగేది 1,265 గంటలు. చెప్పే పీరియడ్లలో కనీసం పదో వంతు ప్రిపరేషన్‌కి వదలాలి. కొత్త టీచర్లకైతే 2021 నుంచి రెండేళ్ల ఇండక్షన్ (తర్ఫీదు కాలం), ఒక మెంటర్, దానికి మొదటి ఏడు ఇంకో 10 శాతం, రెండో ఏడు 5 శాతం పని తగ్గింపు. నాకు అనుభవం ఉంది కాబట్టి నేను దాని కిందికి రాలేదు. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఓమ్స్ లా చెప్పడంలో పాతదాన్నే, కానీ ఈ దేశపు పద్నాలుగేళ్ల పిల్లల ముందు పక్క గదిలోని ఇరవై రెండేళ్ల అమ్మాయి ఎంత కొత్తో నేనూ అంతే. ఆ అమ్మాయికి రూల్ ఉంది, నాకు మాత్రం ఆ పెద్దాయన తన ఖాళీ పీరియడ్లలోంచి ఇచ్చాడు.

ఆయన లేకపోతే ఏమవుతుందో నా ఫ్రెండ్‌ని చూశాను. వేరే ఊళ్లో పని చేసేది. ఒకే వారంలో ముగ్గురు ట్యాబ్లెట్లు పట్టుకుని వచ్చి టిక్కులు పెట్టుకుని వెళ్లారట, ఒకరు ఎక్కువ మాట్లాడుతున్నావన్నారు, ఇంకొకరు తక్కువన్నారు. ఎవరిది వినాలి అని అడగడానికి దానికి ధైర్యం చాలలేదు, మళ్లీ వీసానే. గుట్టుగా ఇంకో స్పాన్సర్‌ని చూసుకుని, ఆగస్టుతో బయటపడాలంటే మే 31 లోపు రాజీనామా ఇవ్వాలి కాబట్టి సరిగ్గా ఆ వారంలో ఇచ్చేసింది.

మొన్న పాత స్కూల్ కొలీగ్‌కి ఫోన్ చేసి ఆ పసుపు కాగితం సంగతి చెప్పాను. ఎండలో అడ్మిషన్ల డ్యూటీలో ఉంది, ఏదో అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చుని విన్నది. "ఒక్కటే తప్పు రాశాడా? మిగతావి కనపడలేదా ఆయనకి?" అంది. నేనూ ఆయన్ని అదే అడిగాను, ఇంకో పదకొండు ఉన్నాయి, వారానికొకటి చెప్తానన్నాడు అన్నాను. "అమ్మో, ఆ లెక్కన నాకు రిటైర్మెంట్ దాకా సరిపోతాయే" అని నవ్వి, సెక్యూరిటీ అతను రమ్మంటున్నాడని పెట్టేసింది.