పోయినవాళ్ళకు కూడా చాలే నిరీక్షణ

ప్రొద్దుటూరులో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. సాయంత్రమైతే జ్వరం, రాత్రిళ్ళు దుప్పటి తడిసేంత చెమట, ఏం తిన్నా ఒంటికి పట్టకపోవడం. దగ్గు రెండు వారాలు దాటినా తగ్గకపోయేసరికి ఆశా అక్క దగ్గరుండి తెమడ పరీక్ష చేయించింది. టీబీ అని తేలింది.

ఆ మాట వినగానే మా అమ్మ కూలబడింది. మా జేజి వాళ్ళ అక్క ఈ జబ్బుతోనే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో చనిపోయింది. క్రైస్తవ మిషనరీ సంఘాలు కలిసి 1912లో మొదలుపెట్టిన క్షయ ఆసుపత్రి అది. అప్పట్లో వైద్యమంటే ముఖ్యంగా మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. టీబీ మీద పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో గానీ కనుక్కోలేదు. ఆమె అంతవరకు ఉండలేదు. చివరిదాకా పాటలు పాడుతూనే ఉందని జేజి చెప్పేది.

నాకు మందులున్నాయి. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు, బరువును బట్టి మోతాదు. మాత్ర వేసుకోగానే కడుపులో తిప్పేది. మూత్రం నారింజ రంగులో వస్తే హడలిపోయాను. అది ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్లేనట, భయం లేదన్నారు. ప్రభుత్వం నెలకు వేసే 1000 రూపాయలతో గుడ్లు, చెనిక్కాయలు తెచ్చుకునేదాన్ని. ఇంటికి వచ్చిన చుట్టాలు నా కంచం వేరే పెట్టమన్నారు. టీబీ కంచాల వల్ల అంటదు, దగ్గినప్పుడు గాలిలో నుంచి అంటుంది. మా అమ్మ ఆ మాట వాళ్ళ ముఖం మీదే చెప్పి, నాకు అందరి కంచాల్లోదే తీసి అన్నం పెట్టింది.

నడుమ దగ్గులో రక్తం పడితే కొన్నాళ్ళు వార్డులో ఉన్నాను. పక్క మంచం మీద జమ్మలమడుగు వైపు అమ్మాయి, ఇద్దరు చిన్నపిల్లల తల్లి. చాలా ఆలస్యంగా వచ్చింది. అప్పటికే ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. నా బైబిలు చూసి, "అక్కా, నాకూ చదువు" అంది. తొంభయ్యవ కీర్తన తీశాను. మన ఆయుష్కాలం డెబ్బది సంవత్సరాలు, బలముంటే ఎనుబది అన్నచోట నా గొంతు ఆగిపోయింది. ఆమె మాత్రం నవ్వింది.

"డెబ్బై మనకెక్కడక్కా! ముందుకు చదువు."

ముందుకు చదివితే ఉంది: "ఉదయమున నీ కృపచేత మమ్మును తృప్తిపరచుము." ఆ రోజు నుంచి తెల్లారితే ఆమెకు అదే పని. నిన్న దేవుడిచ్చిన మంచి ఒకటి నేను చెప్పాలి, ఒకటి ఆమె చెప్పాలి. పిల్లలు ఫోన్‌లో పాడిన పద్యం, ఎవరో తెచ్చిచ్చిన వేడి కాఫీ, దగ్గు లేకుండా నిద్రపట్టిన కాసేపు. అంత బాధలోనూ మాకు నవ్వు వచ్చేది. నా జీవితంలో అంత నిజమైన సంతోషం మంచి ఆరోగ్యంతో ఉన్నప్పుడు కూడా నేను ఎరగను.

ఆమె చనిపోయింది. నేను ఇంటికి వచ్చాను.

చూడటానికి వచ్చినవాళ్ళు "నీ విశ్వాసమే నిన్ను బతికించింది" అంటుంటే ముల్లు గుచ్చుకున్నట్టుండేది. మరి ఆమె విశ్వాసానికి ఏం తక్కువ? ఆరోగ్యవరంలో పాడుతూ పోయిన మా పెద్దజేజికి ఏం తక్కువ? ఈ ప్రశ్నతో చాలా రాత్రులు టెన్షన్ పడ్డాను. బైబిల్లో యేసు చావు నుంచి లేపిన లాజరు కథ దగ్గరే నాకు కాస్త ఊరట దొరికింది. తాను అతన్ని లేపబోతున్నానని యేసుకు తెలుసు, అయినా సమాధి దగ్గరికి వెళ్ళేముందు కన్నీళ్ళు విడిచాడు. కాబట్టి ఏడవడం అవిశ్వాసం కాదు. ఇంకో సంగతి, అలా లేచిన లాజరు కూడా తర్వాత ఒకరోజు మళ్ళీ చనిపోయే ఉంటాడు. స్వస్థత పెద్ద వరమే, కానీ నా నిరీక్షణ, అంటే నా ఆశ, దాని మీద లేదు. మరణాన్ని గెలిచి లేచిన క్రీస్తు మీద ఉంది. ఆ నిరీక్షణలో నాకెంత పాలుందో ఆమెకూ అంతే ఉంది.

కోర్సు పూర్తయ్యాక పరీక్షలో టీబీ లేదని వచ్చింది. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు పెట్టి ఆరాధన అయ్యాక, పాస్టరయ్యగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు, అంటే దేవుడు నా బతుకులో చేసింది అందరి ముందు చెప్పమన్నారు. మందులిచ్చిన వాళ్ళకు, మందులకు తెలివినిచ్చిన దేవునికి వందనాలు చెప్పాను. తర్వాత నా గురించి కంటే పక్క మంచం అమ్మాయి గురించే ఎక్కువ చెప్పాను. అది విన్నాక, కొడుకును పోగొట్టుకున్న ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "నాది కూడా సాక్ష్యమేనా పాపా?" అని అడిగింది.

"అవును పెద్దమ్మా, వచ్చే ఆదివారం నువ్వే చెప్పాలి" అన్నాను.