గీజరు నీళ్లు గోరువెచ్చన దాటకపోతే

అమలాపురం దగ్గర మా ఊరి బోరు నీళ్లలో ఉప్పుతో పాటు సున్నం కూడా ఎక్కువే కాబట్టి, ధనుర్మాసం వచ్చేసరికి గీజరు మొరాయించడం మాకు అలవాటే. ఈసారి గీజరు మీది ఎర్ర దీపం వెలుగుతున్నా అరగంటకు కూడా నీళ్లు గోరువెచ్చన దాటకపోవడంతో నేనే విప్పి చూశాను. స్విచ్ కట్టేస్తే సరిపోదు. కరెంటు బోర్డులో గీజరుకు కరెంటు ఆపే ఎంసీబీ దించి, టెస్టరుతో కరెంటు లేదని రూఢి చేసుకుని, నీళ్లు చల్లారాక ట్యాంకు ఖాళీ చేసిన తరువాతే నీళ్లను వేడిచేసే ఎలిమెంటు మీద చెయ్యి వేయాలి.

బయటికి తీసిన ఎలిమెంటు చుట్టూ తెల్లటి గార మందంగా పేరుకుపోయి, గోటితో గీరితే గోడ సున్నంలా పెచ్చులు పెచ్చులుగా రాలింది. పక్కనున్న మెగ్నీషియం కడ్డీ తీగలా సన్నబడింది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయేది ఆ కడ్డీయే కనుక, దానిని మార్చకుండా వదిలేయడం పెద్ద పొరపాటని నా అభిప్రాయం. గారను వెనిగరులో నానబెట్టి తీసేసి, కొత్త కడ్డీ, కొత్త రబ్బరు వాషరు వేశాను.

దీపమే వెలగకపోతే ముందు ప్లగ్గు చూడండి: 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్టు తప్పనిసరి. నీళ్లు ముట్టుకుంటే ఏమాత్రం షాక్ కొట్టినా సొంత మరమ్మతు మానేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.