కోడిగీతల వెనుక రాగి

నా తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రం నోటుపుస్తకాన్ని అమ్మ ఇప్పటికీ పారేయలేదు. 2004 జూన్‌లో రాసిన మొదటి పాఠంలో అక్షరాలు గుండ్రంగా, గీతకు ఆనుకుని, వరుస తప్పకుండా ఉంటాయి. దసరా సెలవుల నాటికి అవి బాగా చిన్నవై ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. సంక్రాంతి నాటికి వత్తులు కింది గీత దాటిపోయి, దీర్ఘాలు మధ్యలో తెగిపోయి, ‘క్ష’ ఉండవలసిన చోట ఒక సుడి మాత్రం మిగిలింది. ఆ తరువాత పేజీలన్నీ ఖాళీ. కోడి కెలికినట్టు రాస్తున్నావని మాస్టారు నా వేళ్ళ కణుపుల మీద స్కేలుతో కొట్టినప్పుడు, నేను కావాలని అలా రాయడం లేదని చెప్పబోయాను గాని, అప్పటికే నా మాట కూడా ముద్దగా వస్తోంది.

తిట్టినప్పుడు నవ్వుతున్నానన్నది నా మీద ఇంకో ఫిర్యాదు. నిజానికి నాకు నవ్వు రావడం లేదు. పై పెదవి సాగి, పళ్ళు బయటపడి, ముఖం అలాగే బిగుసుకుపోయేది. చొంగ కారేది. ఆ వయసు ఆడపిల్లకు అది ఎంత సిగ్గో చెప్పనక్కరలేదు. నోటికి అడ్డం పెట్టుకున్న ఓణీ కొంగు సాయంత్రానికి తడిసి ముద్దయ్యేది. కారణం లేకుండా కోపం వచ్చేది, చేతిలో ఉన్న కంచం విసిరేసేదాన్ని. ఒక వైద్యుడు నరాల బలహీనత అని బలం సూదులు ఇచ్చాడు. ఇంకొకరు చదువు ఒత్తిడి అని నిద్రమాత్రలు రాశారు. నానమ్మ దిష్టి తగిలిందని తీర్మానించి, రాగిరేకు మీద యంత్రం గీయించి తాయెత్తుగా నా మెడలో కట్టించింది. ఆ రేకు రాగిది కావడం తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

మాది తణుకు దగ్గర పల్లె. పాత్రలకు పేరున్న అజ్జరం ఊళ్ళో కొన్న రాగి చెంబులో రాత్రి నీళ్ళు పోసి ఉంచి, తెల్లవారగానే పరగడుపున తాగించడం మా ఇంటి అలవాటు. నాకు జబ్బు చేశాక అమ్మ ఆ నీళ్ళు ఒక గ్లాసు ఎక్కువే తాగించింది.

రోగం బయటపడింది కంటి దగ్గర. బోర్డు సరిగా కనబడక రాయలేకపోతున్నానేమోనని నాన్న నన్ను రాజమండ్రిలో కంటి వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళారు. గడ్డం ఆనించి కూర్చోబెట్టే స్లిట్ ల్యాంపు యంత్రంలోంచి చూస్తున్న కుర్ర డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడలేదు. లేచి వెళ్ళి పెద్ద డాక్టరుగారిని పిలుచుకొచ్చింది. నల్లగుడ్డు అంచు చుట్టూ, కార్నియా లోపలి పొరలో, బంగారు గోధుమరంగు వలయం ఉందన్నారు. “చూపు బాగానే ఉందండీ. ఇది కంటి జబ్బు కాదు, ముందు న్యూరాలజిస్టుకు చూపించండి,” అని చీటీ రాసిచ్చారు. ఆ వలయాన్ని జర్మన్ వైద్యులు కైజర్ 1902లో, ఫ్లైషర్ 1903లో వర్ణించారనీ, అది రాగి పేరుకోవడం వల్ల ఏర్పడుతుందనీ నేను తెలుసుకున్నది చాలా ఏళ్ళ తరువాత.

విశాఖపట్నంలో రక్తపరీక్షలతోపాటు 24 గంటల మూత్రం పట్టి తెమ్మన్నారు. పొద్దున మొదటిసారి వచ్చినది వదిలేసి, అప్పటినుంచి మర్నాడు అదే వేళ వరకు ప్రతి చుక్కా వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పట్టాలి, లోహపు గిన్నె ఏదీ తగలకూడదు. లాడ్జి గదిలో చేతులు వణుకుతూ నేను ఆ డబ్బా పట్టుకోలేకపోతే అమ్మే పట్టుకుంది. మర్నాడు దాన్ని తువ్వాలులో చుట్టి, సిటీబస్సులో ఒళ్ళో పెట్టుకుని, పక్కావిడ పాలా అని అడిగితే ఔనని తల ఊపింది. ఆ మూత్రంలో 412 మైక్రోగ్రాముల రాగి ఉంది. వంద దాటితేనే అనుమానించాలట. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీను కనీసం 20 ఉండవలసింది నాకు 5 ఉంది. ఎమ్మారై ఫిల్ములో మధ్యమెదడు దగ్గర పాండా ముఖంలాంటి ఆకారాన్ని న్యూరాలజిస్టుగారు వేలితో చూపించారు. నాన్న సంచిలోంచి నా నోటుపుస్తకం తీసి ఇస్తే ఒక్కొక్క పేజీ తిప్పి, ఎమ్మారై కన్నా ఎక్కువసేపు దాన్నే చూశారు.

జబ్బు పేరు విల్సన్ వ్యాధి. మనం తినే అన్నంలో, పప్పులో, కూరల్లో రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల రాగి ఎలాగూ ఉంటుంది. శరీరానికి కావలసినది కొద్దిగానే, మిగిలినదాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి తోసేస్తుంది. పదమూడో క్రోమోజోము మీద ఉన్న ఏటీపీ7బీ అనే జన్యువు ఆ పని చేయిస్తుంది. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడినవే వస్తే రాగి బయటికి పోక ముందు కాలేయంలో నిండి, అక్కడ చోటు చాలక రక్తంలోకి పొంగి, మెదడు లోతుల్లో కదలికలను అదుపుచేసే కేంద్రాల్లోనూ కంట్లోనూ పేరుకుంటుంది. ఇది విన్నాక అమ్మకు నా పదకొండో ఏట వచ్చిన పచ్చకామెర్లు గుర్తొచ్చాయి. పసరు మందు పోయించి, నెల రోజులు పథ్యం పెడితే తగ్గిపోయాయని మేమంతా మరిచిపోయిన కామెర్లవి. కాలేయం అప్పుడే ఒకసారి కబురు పెట్టిందన్నమాట.

డాక్టరుగారు తెల్లకాగితం మీద చతురస్రాలు, వృత్తాలు గీసి మా బంధుత్వాలు అడిగారు. నాన్న అమ్మకు మేనత్త కొడుకు. ఆ పైతరంలో ఎవరో ఒకరి దగ్గరున్న చెడిన ప్రతి ఒక్కటే రెండు దారుల్లో దిగివచ్చి నాలో కలుసుకుని ఉంటుంది. మేనరికాలు కాని ఇళ్ళలో కూడా ఈ జబ్బు వస్తుంది, మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది. తోడబుట్టినవాళ్ళలో ప్రతి ఒక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది కాబట్టి ఎనిమిదేళ్ళ తమ్ముణ్ణి కూడా తీసుకురమ్మన్నారు. గోలీలాడుకుంటున్నవాణ్ణి పట్టుకొచ్చారు. కంట్లో వలయం లేదు, చేయి వణకడం లేదు, కాని రక్తంలో, మూత్రంలో అంకెలు మాత్రం నా దారిలోనే ఉన్నాయి. ఆ రోజు నాన్న ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడవడం చూశాను. ఏడవవలసింది కాదు, అది మాకు పట్టిన అదృష్టమని తెలియడానికి కొన్నేళ్ళు పట్టింది.

శామ్యూల్ అలెగ్జాండర్ కిన్నియర్ విల్సన్ 1912లో ఈ జబ్బును వివరించినప్పుడు దీనికి మందు లేదు. కుర్రవాళ్ళు మంచాన పడి చనిపోవడం, శవపరీక్షలో మెదడుతోపాటు కాలేయం కూడా గట్టిపడి కనిపించడం మాత్రమే ఆయన రాయగలిగారు. జాన్ వాల్ష్ అనే ఆంగ్ల వైద్యుడు పెన్సిలిన్ తీసుకున్న రోగుల మూత్రంలో పెన్సిలమిన్ అనే పదార్థాన్ని అంతకుముందే చూసి ఉన్నారు. 1955లో అమెరికాలోని బోస్టన్‌లో ఉండగా అది రాగిని పట్టి బయటికి లాగగలదని ఆయనకు తట్టింది. 1956లో ఆ ఫలితాలను ప్రకటించారు. పరిశోధన అంటే ఎక్కడో గాజుసీసాల మధ్య జరిగే పని అనుకునేదాన్ని. నా పదమూడో ఏట నేను మింగిన తెల్లని క్యాప్స్యూలు ఆయన చూసిన ఆ పదార్థమే.

మందు మొదలుపెట్టాక ముందు జబ్బు ముదిరింది. చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతున్నా, కాలేయంలోని రాగి ఒక్కసారిగా కదలడం వల్ల కొందరిలో ఇలా అవుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు. చెప్పడం వేరు, చూడడం వేరు. ఆరో వారానికి మాట పూర్తిగా పడిపోయింది. కుడిచేయి పక్షి రెక్కలా కొట్టుకునేది. అన్నం గొంతులో అడ్డం పడుతుంటే గంజిలో మెదిపి చెంచాతో పెట్టేవారు. “ఈ మందు మానేద్దామండీ, పిల్ల చచ్చిపోయేలా ఉంది,” అని అమ్మ ఫోనులో ఏడిస్తే, డాక్టరుగారు మోతాదు తగ్గించారే గాని మానడానికి ఒప్పుకోలేదు. ఆ మొండితనమే నన్ను నిలబెట్టింది.

నాలుగో నెలలో ఒక పొద్దున “నీళ్ళు” అన్నాను. ‘ళ్ళు’ సరిగా పలకలేదు, అయినా ఇంట్లో అందరికీ అర్థమైంది. ఆ తరువాతంతా నత్తనడక. తెల్లవారి అయిదున్నరకు పరగడుపున క్యాప్స్యూలు, దానితో బి6 విటమిన్ మాత్ర, గంటదాకా ఏమీ తినకూడదు. నెలనెలా రక్తకణాల లెక్క, మూత్రంలో ప్రొటీను పరీక్ష. కార్జం, పీతలు, రొయ్యలు, జీడిపప్పు, పుట్టగొడుగులు, చాక్లెట్లు బంద్. గోదావరి జిల్లాలో పుట్టి రొయ్యలు మానడం కష్టమే. మందు తణుకులో దొరికేది కాదు. నాన్న విజయవాడ వెళ్ళి మూడు నెలలకు సరిపడా తెచ్చేవారు, ఒక్కోసారి అక్కడా ఉండేది కాదు. మధ్యలో మానేస్తే కాలేయం ఉన్నట్టుండి చేతులెత్తేసే ప్రమాదముందని చెప్పినందువల్ల, ఇంట్లో బియ్యం నిండుకున్నా బెంగ పడేవారు కాదు గాని ఆ డబ్బా సగానికి వస్తే నిద్రపోయేవారు కాదు.

రెండు విద్యా సంవత్సరాలు పోయాయి. పదో తరగతి పరీక్ష నా బదులు రాసిపెట్టేవాళ్ళు అక్కర్లేకుండా నేనే రాశాను. కంటి వలయం ఏడేళ్ళలో పలచబడి పోయింది. మందు కూడా మార్చి జింకు ఇచ్చారు. అది పేగు గోడలోని కణాల్లో రాగిని బంధించే ప్రొటీనును పెంచి, ఆ కణాలు రాలిపోయేటప్పుడు రాగి కూడా మలంతో పోయేటట్టు చేస్తుంది. బెంగుళూరులో మానసిక, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ సంస్థ వైద్యులు మూడు దశాబ్దాలలో చూసిన 282 మంది విల్సన్ రోగుల వివరాలను 2007లో ప్రచురించారు. అందులో ఎక్కువమందికి నాకు లాగే నరాల లక్షణాలే. ఆ వ్యాసం చదువుతూ, స్కేలు దెబ్బలు ఇంకెందరు తిన్నారో అనుకున్నాను.

పూర్తిగా నయమైందా అని అడిగేవాళ్ళకు ఏం చెప్పాలో తెలియదు. చలిలోనూ కంగారులోనూ కుడిచేయి ఇంకా వణుకుతుంది. సంతకం కలవలేదని బ్యాంకువాళ్ళు చెక్కు రెండుసార్లు వెనక్కి పంపారు. మాత్ర జీవితాంతం మింగవలసిందే. ఎనిమిదో ఏటినుంచి జింకు మింగుతున్న తమ్ముడు మాత్రం ఒక్కరోజు కూడా జబ్బు పడలేదు. వాడి అక్షరాలు మొదటినుంచీ కోడిగీతలే, దానికీ రాగికీ సంబంధం లేదు.

అమ్మ మాత్రం చెంబు సంగతి మరిచిపోలేదు. ఆ నీళ్ళ వల్ల ఈ జబ్బు రాలేదనీ, రెండు ప్రతులూ చెడిన పిల్లకు ఏ తిండి పెట్టినా రాగి పేరుకునేదేననీ డాక్టరుగారు, నేను, తమ్ముడు ఎన్నిసార్లు చెప్పినా, “అయినా ఒక గ్లాసు ఎక్కువే పోశాను కదే,” అంటుంది. తమ్ముడికి బయటి సంబంధమే చేశాం. సారెలో మరదలి పుట్టింటివారు రెండు రాగి బిందెలు పెట్టారు. అమ్మ వాళ్ళ ముందు ఏమీ అనలేదు. పదహారు రోజుల పండుగ అయ్యాక, అటక మీది పాత చెంబును కూడా దింపి, మూడింటినీ చింతపండుతో తోమి, ఆటోలో పెట్టుకుని అజ్జరం వెళ్ళి, స్టీలు బిందెలు మార్చుకొచ్చింది.