కడప బండ మీద గ్రానైట్: మా వంటగట్టు నేనే వేసుకున్నాను

కర్నూల్లో మా ఇల్లు కట్టినప్పుడు నాన్న వంటగట్టుకు కడప బండ వేయించారు. ముప్పై ఏళ్లు మోసింది పాపం. చింతపండు పులుసు ఒలికిన చోటల్లా నలుపు పోయి బూడిద రంగు మచ్చలు పడ్డాయి. ముందు అంచున పొరలు లేచి, తుడిచే గుడ్డ ప్రతిసారీ చిక్కుకునేది. గ్రానైట్ టైల్స్ వేయిద్దామని ముగ్గురు మేస్త్రీలను అడిగాను. మొత్తం పద్దెనిమిది చదరపు అడుగులే అనేసరికి ఇద్దరు మాట దాటేశారు. మూడో ఆయన "ఆదివారం వస్తా సార్" అన్నాడు. ఏ ఆదివారమో చెప్పలేదు.

మా వీధిలో పని మానేసిన పాత మేస్త్రి ఒకాయన ఉన్నాడు. వెళ్లి అడిగితే, "చేతులు వణుకుతాండాయి నాయనా. నేను కుర్చీలో కూచోని చెప్తా, నువ్వు చెయ్యి" అన్నాడు. అలా మొదలైంది.

బేతంచెర్ల రాయి మాకు దగ్గర, తాండూరు రాయి చౌక. కానీ అవి రెండూ, మా పాత కడప బండా అన్నీ సున్నపురాయి జాతే. పులుపు తగిలితే పైమెరుపు తినేస్తుంది. నమ్మకం కుదరక దుకాణం నుంచి తాండూరు ముక్క ఒకటి, నల్ల గ్రానైట్ ముక్క ఒకటి తెచ్చి, రెండిటి మీదా నిమ్మచెక్క బోర్లించి రాత్రంతా ఉంచాను. పొద్దున తాండూరు ముక్క మీద రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ. గ్రానైట్ చెక్కుచెదరలేదు. అడుగు చదరం, పది మిల్లీమీటర్ల మందం గ్రానైట్ టైల్స్ 22 తెచ్చాను. లెక్కకు 18 చాలు. "నాలుగు ఎక్కువ తీసుకో, నువ్వు పగలగొట్టేవి ఉంటాయిగా" అన్నాడు మేస్త్రి. ముందు అంచు పట్టీల పాలిష్ మాత్రం రాళ్ల దుకాణంలోనే చేయించాను. అది చేత్తో అయ్యే పని కాదు.

పాత బండ పీకలేదు. పీకితే కింద దాన్ని మోస్తున్న గోడలు కదులుతాయి. సోడా పొడి కలిపిన నీళ్లతో రెండుసార్లు జిడ్డు కడిగి, గ్రైండర్‌తో పైనంతా గరుకు చేశాను. ఆ నునుపు మీద అలాగే అంటిస్తే ఏడాదిలో ఊడివస్తాయట. రసమట్టం పెట్టి చూస్తే మధ్యలో గుంట. ముందురోజే టైల్ జిగురుతో పూత వేసి సరిచేశాను. పూర్తి మట్టంగా కాకుండా సింకు వైపు కొంచెం వాటం ఉంచమన్నాడు మేస్త్రి, నీళ్లు గోడవారకు పోకుండా.

జిగురు లేకుండా టైల్స్ అన్నీ ఒకసారి పరిచి చూసుకోవడంతోనే ఒక పూట పోయింది. ఆ పూట పోయినందుకు బాధ లేదు. గట్టు వెడల్పు ఎడమవైపు 24 అంగుళాలు, కుడివైపు 23 చిల్లర. ముప్పై ఏళ్లుగా ఈ వంకర గోడను ఆనుకునే వంట చేస్తున్నామని అప్పుడు తెలిసింది. గోడ నుంచి మొదలుపెట్టి ఉంటే ఆ వంకరంతా ముందు అంచున కనబడేది. అందుకే ముందు వరుస నిండు టైల్స్‌తో, దారం కట్టి నేరుగా పెట్టుకుని, కోసిన ముక్కలన్నీ వెనక్కి నెట్టాను. ఇప్పుడు ఆ వంకర మిక్సీ వెనక దాక్కుంది.

కోత మేడ మీద, ముక్కుకు మాస్కు కట్టుకుని, ముందే తడిపిన టైల్ మీద. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఇంట్లో అస్సలు కోయొద్దు. సింకు మూలల దగ్గర మాత్రం దెబ్బ తిన్నాను. ఎల్ ఆకారంలో కోయాలి కదా, రెండు వైపుల నుంచీ బ్లేడు మూల దాకా తోశాను. ఎత్తగానే మూల దగ్గర టప్పున విరిగింది. రెండోదీ అంతే. అప్పుడు చెప్పాడు పెద్దాయన, మూలలో ముందు చిన్న బెజ్జం వేసుకుని కోత ఆ బెజ్జం దగ్గర ఆపాలని. ఆ మాట మొదటి టైలుకే చెప్పొచ్చు కదా!

జిగురు 20 కిలోల సంచి. తెలివి ఉపయోగించి పావు సంచి ఒకేసారి కలిపాను. మే నెల ఎండకు సగం బకెట్లోనే గట్టిపడింది. తర్వాత నాలుగైదు టైల్స్‌కు సరిపడా మాత్రమే కలుపుకున్నా. కలిపాక పది నిమిషాలు ఆగి, మళ్లీ కలిపి వాడాలి. పళ్ల తాపీతో గట్టు మీద గీతలు గీసి, మొదటి టైల్ నొక్కి, అనుమానం వచ్చి మళ్లీ ఎత్తి చూశాను. వెనక గీతలు గీతలుగానే అంటింది, మధ్యంతా ఖాళీ. అక్కడ కుక్కరు పడితే టైల్ పగలడమే. అప్పటినుంచి టైల్ వెనక కూడా పల్చగా పూసి, రబ్బరు సుత్తితో కొట్టాను. పొయ్యి పక్క టైల్ ఒకటి వేలితో తడితే డొల్లగా మోగింది. ఎండకముందే పీకబోతే ఒక మూల విరిగి, అదీ పోయింది. మొత్తం మూడు.

సందులు రెండు మిల్లీమీటర్లు. తెల్ల సిమెంటు పెడితే నెలకే పసుపు పట్టేస్తుందని ఎపాక్సీ అనే గట్టి రసాయన జిగురు నింపాను. అది రెండు డబ్బాలు కలిపి వాడేది, వెంటవెంటనే తుడవాలి. ఒక టైల్ మీద మర్చిపోయాను, ఆ మసక పొర ఇంకా ఉంది. వెలుతురు పక్క నుంచి పడితే కనిపిస్తుంది, నాకు మాత్రమే. గోడకూ గట్టుకూ మధ్య, సింకు చుట్టూ రబ్బరులా సాగే సిలికాన్ పెట్టాను.

మూడు రోజులు పొయ్యి వరండాలో పెట్టుకుని వండుకున్నాం. నాలుగో రోజు అమ్మ గట్టు దగ్గర నిలబడి పప్పుగిన్నె దించుతూ, "ఎత్తు పెరిగింది కదరా" అంది. జిగురుతో కలిపి పద్నాలుగు మిల్లీమీటర్లేనమ్మా అన్నాను.

"ఒక టైలు మిగిలిందన్నావే. అది కింద వెయ్యి, దాని మీద నిలబడతా."